ఆకాశభయమును బాపిన హేలీ

తోకచుక్క పొడిచిన రాజునకు చేటనియు, సూర్యగ్రహణము దేశమునకు అరిష్టమనియు ఐరోపా ప్రజలు వణకిన కాలమది. 1664, 1665 సంవత్సరములలో లండను వాసులు తోకచుక్కలను చూచిరి. 1665లో ప్లేగు వ్యాధి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. మరుసటి యేడు అగ్నిజ్వాలలు నగరమును దహించెను. ఈ యుత్పాతములకు తోకచుక్కలే కారణమని పలువురు నమ్మిరి. అప్పటికి పదియేండ్లైనను నిండని యొక బాలుడు, పెద్దవాడై, ఆ భయమునకు మూలమును ఛేదించెను. ఆయనయే ఎడ్మండ్ హేలీ.

హేలీ 1656లో లండను చెంతనున్న హాగర్‌స్టన్‌లో జన్మించెను. తండ్రి సబ్బుల వర్తకమున ధనమార్జించినవాడు. ఆక్స్‌ఫర్డులో చదువుచు, పట్టము కొరకు వేచియుండక, 1676లో సెయింట్ హెలీనా ద్వీపమునకు ఓడనెక్కెను. దక్షిణాకాశమందలి 341 నక్షత్రముల స్థానములను గణించి, 1678లో తిరిగివచ్చి, 22 ఏండ్లకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

1684లో ఆయన కేంబ్రిడ్జికి పోయి న్యూటనును కలిసికొని, గ్రహగతులనుగూర్చి గ్రంథము వ్రాయుటకు ప్రోత్సహించెను. సొసైటీ ధనము చేపలనుగూర్చిన యొక గ్రంథముద్రణకు వ్యయమైపోగా, హేలీ తన సొమ్ముతోనే ప్రిన్సిపియాను 1687లో అచ్చువేయించెను. ఆ గ్రంథసూత్రముల ననుసరించి 24 తోకచుక్కల మార్గములను గణించెను. 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడినవి మూడు చుక్కలు కావనియు, ఇంచుమించు 76 ఏండ్లకొకమారు సూర్యుని చుట్టివచ్చు ఒక్క చుక్కయే యనియు 1705లో ప్రకటించి, అది 1758లో మరల వచ్చునని చెప్పెను.

1715లో ఇంగ్లండునకు సంపూర్ణ సూర్యగ్రహణము రానుండెను. లండనులో అట్టిది కనబడి 500 ఏండ్లు దాటినది. క్రొత్తగా సింహాసనమెక్కిన జార్జి రాజునకు ప్రతికూలురు పెక్కురుండిరి. పట్టపగటి చీకటిని జనులు రాజునకు అపశకునముగా నెంచుదురని హేలీ ముందుగనే గ్రహించెను. చంద్రచ్ఛాయ సాగు త్రోవను ఒంటి కాగితముపై పటముగా చిత్రించి, అది సూర్యచంద్రుల గమనమువలన కలుగు సహజమైన నీడయే యని వివరించి ప్రకటించెను. అంతటితో ఆగక, గడియారము గలవారెల్లరు చీకటి యెంతసేపు నిలిచినదో చూచి తెలుపవలెనని కోరెను. బెదరవలసిన ప్రజలే పరిశీలకులైరి. నేటి లెక్కకు మే 3వ తేదీ యుదయమున లండను మూడు నిమిషములకు పైగా చీకటిలో మునిగెను. హేలీ చెప్పిన వేళకు నాలుగు నిమిషముల భేదమే యుండెను. నీడ యంచులలో సుమారు 20 మైళ్ల తప్పు కలిగెను. పలుతావులనుండి వచ్చిన లెక్కలతో ఆ తప్పును తానే దిద్ది, క్రొత్త పటమును వెలువరించెను.

ఆయన యూహలన్నియు నిలువలేదు. దిక్సూచి వింతలకు సమాధానముగా భూగర్భము గుల్లయని 1692లో చెప్పినదానిని తరువాతి శాస్త్రము త్రోసిపుచ్చినది. 1720లో గ్రీనిచ్ నందు రాజఖగోళజ్ఞుడై, 1742 జనవరిలో 85వ యేట కన్నుమూసెను.

తాను చెప్పిన చుక్కను మరల చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1758 క్రిస్మసునాటి రాత్రి జర్మనీలో పాలిచ్ అను వ్యవసాయదారుడు దానిని గుర్తించెను. అది హేలీ పేరుతోనే పిలువబడుచున్నది. 1910లో అది వచ్చినపుడు తోకలో విషవాయువున్నదని అమెరికాలో కొందరు బెదరి, విరుగుడు మాత్రలు కొని మ్రింగిరి. భూమికేమియు కీడు వాటిల్లలేదు. 1986లో వచ్చిపోయిన ఆ చుక్క 2061లో తిరిగి రానున్నది. ఆ మాట నేడే నిబ్బరముగా చెప్పగలుగుట హేలీ పెట్టిన భిక్షయే.