సర్ ఆర్థరు కాటను దొరగారు

గోదావరి కాలువల క్రింద పండిన బియ్యమును రుచిచూడని తెలుగు కుటుంబము అరుదు. ఆ కాలువలను త్రవ్విన చేతులను, ఆ చేతులకు పని కల్పించిన దొరగారిని మనము తలచుకొనుట అంతకంటె అరుదు. ఆ కొరతను కొంత తీర్చుటకై వారి జీవితమును మా చదువరుల ముందుంచుచున్నాము.

ఆర్థరు కాటనుగారు 1803 మే 15వ తేదీన జన్మించిరి. ఇంగ్లండులోని అడిస్కోంబు సైనిక పాఠశాలలో చదివి, 1821లో ఇంజనీరుగా మన దేశమునకు వచ్చిరి. కావేరిపై చోళరాజుల నాటి కల్లణ, ఇసుక పునాదిపై శతాబ్దములుగా చెక్కుచెదరక యుండుట చూచి వారు నదీవిద్య నేర్చుకొనిరి. 1836లో కొల్లడము నదిపై రెండానకట్టలు కట్టించిరి. ఈ దేశపు పూర్వపు పనివాండ్రే వారికి గురువులనుట తప్పుకాదు.

ఆ కాలమున రాజమహేంద్రవరపు సీమ స్థితి దయనీయముగా నుండెను. నది నిండుగ ప్రవహించి సముద్రము పాలగుచుండ, గట్టుననున్న పొలములు బీళ్లుగా పడియుండెను. 1832-33లో నందన కరవు వచ్చెను. 1839లో తుపాను కోరంగిని ముంచెను. 1821లో 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. కొందరు మరణించిరి, కొందరు ఊళ్లు విడిచిపోయిరి. శిస్తు పడిపోయిన పిదపగాని కుంపినీవారు కదలలేదు. దయకంటె నష్టభయమే వారిని మేల్కొలిపెనని దాచుట యెందులకు?

1844లో కాటనుగారు నదిని పరిశీలించి, ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టవలెనని వ్రాసిరి. 1846లో అనుమతి లభించెను. 1847లో పని ఆరంభమయ్యెను. లంకలచే నాలుగు పాయలుగా చీలిన నదిపై ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములవద్ద నాలుగు భాగములుగా, మొత్తము రెండు మైళ్లకు పైబడిన కట్ట లేచెను. వేలకొలది జనులకు పని దొరకెను. కొండరాయి పగులగొట్టువారు, ఇనుప పట్టాలమీద రాతిబండ్లు తోయువారు, సున్నము కాల్చువారు, తట్టలు మోయువారు, వడ్రంగులు, కమ్మరులు అచ్చట కూడిరి. కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణం వీరన్నగారు దొరగారికి కుడిభుజమై నిలిచి, రావు బహద్దరు బిరుదము పొందిరి. 1848లో దొరగారు జబ్బుపడి సెలవుపై పోగా, ఓర్ దొరగారు పని సాగించిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చటనే యున్నది. ఆనకట్ట కూలి 1852తో ముగిసెను. అది చూపిన బ్రతుకు తెరువు ముగియలేదు. కాలువలు సాగినకొలది బీళ్లు వరిమళ్లయ్యెను. ఆ కాలువలే పడవలకు బాటలయ్యెను. ధాన్యము సంతలకు పోయెను. పడవ నడపువానికి, పడవ చేయు వడ్రంగికి, నాగటికర్రు కాచు కమ్మరికి, చిల్లర వర్తకునికి బేరము దొరకెను. ఆనాటి కూలి ఒక దినపు ఆకలి తీర్చెను. ఆనాటి పని తరతరముల ఆకలి తీర్చుచున్నది.

1876-78 నాటి గొప్ప కరవున దీనికి ప్రతిగా వేరొకటి జరిగెను. కరవు పనులలో బక్కచిక్కిన జనులచేత కష్టము చేయించి, 1877 ఆరంభమున పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును స్వల్పపు రొక్కమునకును తగ్గించిరి. వృద్ధుడైన కాటనుగారు ఇంగ్లండునుండి నీటిపనులకై వాదించిరి. 1878లో పార్లమెంటు సంఘము వారిని ప్రశ్నించెను గాని, దేశమంతట కాలువలు త్రవ్వవలెనన్న వారి పథకమును ఆదరింపలేదు. వారు 1899 జూలైలో మరణించిరి.

ఈ కథలో నీడయు కలదు. నీరు భూమిగలవానికి సిరి నిచ్చెను. తట్ట మోసినవారిలో భూమిలేనివారు, కట్ట లేచిన తరువాతను పరుల చేలలో కూలీలుగనే మిగిలిరి. వీరన్నగారి పేరు మనకు తెలియును. వారి పేర్లు ఏ రాతిపైనను లేవు.

పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బారేజి 1982లో పూర్తియై, కాటనుగారి పేరు ధరించియున్నది. గ్రామీణులకు పని హక్కని మన దేశమున 2005లో చట్టము చేసిరి. బాలురారా, బాలికలారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లై, అధికారులై ఇట్టి పనులు నడిపింతురు. ఎందరికి కూలి యిచ్చితిమని లెక్కించుటతో తృప్తిపడకుడు. కూలి ముగిసిన మరునాడు ఊరికేమి మిగిలినది, తట్ట మోసినవానికేమి మిగిలినదని అడుగుడు. ఈ రెండవ ప్రశ్నకు ధవళేశ్వరము సగమే బదులు చెప్పినది. తక్కిన సగము మీ వంతు.