పిడికెడు బియ్యంతో సంఘాన్ని నిలబెట్టిన పెద్దాయన: బిషప్ అజరయ్య గారు

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగేవారికి, పక్క ఊళ్ల నుంచి సంతకు వచ్చే మా తండాల వారికి అక్కడి ఎపిఫనీ కథీడ్రల్ బాగా తెలుసు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపంలా రాతి స్తంభాలు, లోపల శిలువ. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన మా జాతివాడు కాదు, మా భాషవాడూ కాదు. మాలో చాలామంది ఆయన మతంవారు కూడా కాదు. అయినా ఈ స్మారక సంచికలో ఆయన జీవితాన్ని చేర్చాలని మేము అనుకున్నాం. చేతిలో డబ్బు, అధికారం లేని జనాన్ని కూడగట్టి నడిపించడం ఎలాగో ఆయన ఈ నేలమీదే చేసి చూపించారు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు పల్లెటూరి పాస్టరు. ఆయన త్వరగా కన్నుమూయడంతో తల్లి ఎల్లెన్ గారే క్రమశిక్షణతో, ప్రార్థనతో కొడుకును పెంచారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ మెట్లెక్కిన అతి కొద్దిమంది ఆడవాళ్లలో ఆమె ఒకరు.

1902లో జాఫ్నా వెళ్లినప్పుడు ఆయన మనసు మలుపు తిరిగింది. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో సేవ నడుపుతున్నారు. మనమెందుకు ఎప్పుడూ తెల్లవారి చేతి వైపు చూడాలన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. మరుసటి ఏడాది, 1903లో, తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం మొదలైంది. డబ్బు, మనుషులు, నిర్వహణ అన్నీ భారతీయులవే. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్.

ఇతరులను పంపి తాను పట్నంలో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చేశారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో వందలాది తెల్లవారి ఎదుట నిలబడి, మీరు ఎంతో త్యాగం చేస్తున్నారు గానీ మమ్మల్ని సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదన్న భావాన్ని సూటిగా చెప్పారు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయన వెనుక గట్టిగా నిలిచారు. భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమా అని గొణిగినవారు ఉన్నారు. మనవాడికి అంత బరువు మోసే సత్తా ఉందా అని సందేహించిన భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. ఆయన వారితో వాదనకు దిగలేదు. తెల్లవారుజామున ప్రార్థన, ఆ తర్వాత ఎడ్లబండి మీద పల్లెల ప్రయాణం: ఇదే ఆయన జవాబు.

ఆయన దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు, వెట్టిచాకిరీలో నలిగినవారు. మీరు పేదలు, మీరేం ఇవ్వగలరని ఆయన అనలేదు. ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని పేర తీసి పెట్టేవారు. పంట చేతికొచ్చినప్పుడు ధాన్యం, కోళ్లు తెచ్చి అర్పించేవారు. అలా ఇచ్చిన మనిషి తల ఎత్తుకుని నిలబడతాడని ఆయన నమ్మకం. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, ఇకమీద తామూ ఈ మాట నలుగురికీ చెబుతామని ప్రమాణం చేయించేవారు. పల్లె ఉపదేశకులకు, వారి భార్యలకు కూడా శిక్షణ ఇప్పించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగూ పల్లెను తినే దయ్యాలని చెప్పేవారు. ఆ నాలుగింటి పేర్లు మా తండాల్లో, గూడేల్లో ఈనాటికీ కొత్తగా వినిపించవు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సంఘంలో చేరేవారు జాతరలు, బలులు వదిలేయాలన్నది ఆనాటి నియమం. ఆచారమే ప్రాణంగా బతికిన మా పెద్దలకు అది కష్టమనిపించే మాటే. అయితే ఆరాధన పరాయి వేషంలో ఉండకూడదని, మన పాట, మన రాగం, మన శిల్పం అందులోకి రావాలని పట్టుబట్టినవారు కూడా ఆయనే. దాదాపు పాతికేళ్లు పట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకున్న ఆ కథీడ్రలే అందుకు సాక్ష్యం.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన మాత్రం పల్లె దారులు వదల్లేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సీట్ల లెక్కల్లో పడితే సంఘం ఆత్మ బలం పోగొట్టుకుంటుందని ఆయన భయం. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న సంఘాల ఐక్యత రెండేళ్ల తర్వాత, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘంగా రూపం దాల్చింది.

ఈనాడు మా సంఘాల్లో ఏ చిన్న కార్యక్రమానికైనా ముందు నాయకుడి ఇంటికో, కాంట్రాక్టరు దగ్గరకో పరుగెడుతున్నాం. మన ఇంటి పిడికెడు బియ్యం సంగతి చివర గుర్తొస్తోంది. సేవాలాల్ మహారాజ్‌కు మొక్కేవారమైనా, సమ్మక్కకు మొక్కేవారమైనా, ఏసును కొలిచేవారమైనా, ముందు మన చేతిది ఇచ్చి, ఆ తర్వాత నాయకత్వం అడగాలన్నది అజరయ్య గారి బతుకు నుంచి మేము నేర్చుకున్నది. ఆ పెద్దాయనకు మా నివాళి.