గోడలు దాటిన ఆచార్యుడు

మన ఇళ్లల్లో మగ్రిబ్ తర్వాత పిల్లలు పుస్తకాలు ముందేసుకుని హోంవర్క్‌కు కూర్చుంటారు. తరంగదైర్ఘ్యం అంటే ఏమిటి, తీగ లేకుండా సంకేతం ఎలా వెళుతుంది అని అడుగుతారు. గైడు చూసి రాసుకోమని చెప్పి మనలో చాలామందిమి తప్పించుకుంటాం. ఇవే ప్రశ్నలకు స్వయంగా చేసి చూపి జవాబు చెప్పిన ఒక అధ్యాపకుని జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం. ఆయనే జగదీశ్ చంద్రబోస్.

ఆయన 1858 నవంబర్ 30న తూర్పు బెంగాల్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్రబోస్ ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదా గలవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం ఆనాటి రివాజు. ఆయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో చేర్పించారు. ముందు మాతృభాష రావాలి, తన జనం తెలియాలి అన్నది ఆ తండ్రి ఉద్దేశం. తరగతిలో జగదీశ్‌కు కుడిపక్కన తండ్రి వద్ద పనిచేసే ముస్లిం చప్రాసీ కొడుకు, ఎడమపక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. వారు చెప్పిన పక్షుల, జంతువుల, నీటి ప్రాణుల కథలే తనలో ప్రకృతి పట్ల ఆసక్తి రేపాయని ఆయన పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు. ఆ మిత్రులు ఇంటికొస్తే తల్లి ఏ భేదమూ చూపకుండా అందరికీ అన్నం పెట్టేవారు.

కలకత్తాలోనూ, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోనూ చదువు ముగించుకుని 1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకునిగా చేరారు. అక్కడ ఆయనకు ఒక గోడ ఎదురైంది. యూరోపియన్ అధ్యాపకుల జీతంలో భారతీయులకు మూడింట రెండొంతులే ఇచ్చేవారు. తాత్కాలిక నియామకం పేరిట ఆయనకు అందులోనూ కోత పెట్టారు. తండ్రి అప్పుల్లో ఉన్నా ఆయన ఆ జీతాన్ని ముట్టలేదు. పాఠం మాత్రం మానలేదు. మూడేళ్లు అలాగే గడిచాయి. చివరికి అధికారులు దిగివచ్చి మొదటి రోజు నుంచీ పూర్తి జీతం లెక్కగట్టి ఇచ్చారు. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు.

విద్యుత్ తరంగాలు ఉన్నాయని జర్మనీలో హెర్ట్జ్ అప్పటికే రుజువు చేశారు. అవి కంటికి కనిపించని వెలుగు వంటివే. అయితే పొడవైన తరంగాలతో ప్రయోగాలకు పెద్ద పెద్ద పరికరాలు కావాలి. అందుకని బోస్ కేవలం 5 మిల్లీమీటర్ల తరంగాలను పుట్టించారు. పిల్లలూ, మీ నోటుబుక్కులో లెక్క వేసి చూడండి. వేగాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే పౌనఃపున్యం వస్తుంది. సెకనుకు 30 కోట్ల మీటర్లను 5 మిల్లీమీటర్లతో భాగిస్తే సెకనుకు 6,000 కోట్ల కంపనాలు!

ఆయన ప్రయోగశాల ఒక చిన్న గది. సాయానికి ఒక రేకుల పనివాడు. రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి ఆయన దానినే పరికరంగా మార్చారు. పుస్తకాన్ని ఒకవైపు పట్టుకుంటే తరంగం దాటిపోయేది, అడ్డంగా తిప్పితే ఆగిపోయేది. పాఠ్యపుస్తకాల్లో ధ్రువణం అని చదివేది ఇదే.

1895లో కలకత్తా టౌన్‌హాలులో అందరి ముందూ తీగ లేకుండా దూరాన గంట మోగించారు, తుపాకీ మందు పేల్చారు. మధ్యలో గోడలున్నా తరంగం ఆగలేదు. 1897 జనవరి 29న, ఒక శుక్రవారం సాయంత్రం, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇవే ప్రయోగాలు చేసి చూపారు. తరంగాలను పసిగట్టే గెలీనా స్ఫటిక పరికరానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అదీ మిత్రుల బలవంతం మీదనే. జ్ఞానాన్ని సొమ్ము చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. తీగలేని టెలిగ్రాఫుకు 1909లో నోబెల్ బహుమతి మార్కోనీ, బ్రౌన్‌లకు దక్కింది. అప్పటికే బోస్ మొక్కల స్పందనలపై పరిశోధనలో మునిగి ఉన్నారు.

1917లో తన పుట్టినరోజునే ఆయన కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. 1937 నవంబర్ 23న గిరిడీలో కన్నుమూశారు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా వంటి మహా శాస్త్రవేత్తలు ఆయన శిష్యులే. ఆయన చేతిలో పుట్టిన మిల్లీమీటరు తరంగాలను నేడు కార్ల రాడార్లలో, ఖగోళ పరిశోధనలో వాడుతున్నారు.

చప్రాసీ కొడుకు పక్కన కూర్చోవడాన్ని ఆ తండ్రి చిన్నతనంగా భావించి ఉంటే ఈ కథ మరోలా ఉండేది. రేపు మన పిల్లలు హోంవర్క్‌లో ఏదైనా అడిగితే కసురుకోకుండా పక్కన కూర్చుందాం. జవాబు మనకు తెలియకపోయినా ఫరవాలేదు, కలిసి వెతుకుదాం.