కాలేజీ వెళ్ళగొట్టిన సుభాష్ బాబు

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంవత్సరం సంచికకు విద్యార్థుల హక్కులు, బాధ్యతలు, కాలేజీ నిబంధనలు అనే విషయం మీద ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగారు. హక్కుల గురించి వ్రాస్తే నాతోటి అధ్యాపకులకు కోపం. బాధ్యతల గురించి వ్రాస్తే మీరు ఆ పేజీ తిప్పేస్తారు. నిబంధనల సంగతి సరేసరి. కాలేజీలో చేరేనాడు వాటి కింద సంతకం పెట్టినవాళ్ళలో చదివి పెట్టినవాళ్ళు ఎందరో మీకే తెలుసు. అందుకని ఉపన్యాసం మాని, ఒక పెద్దమనిషి విద్యార్థి జీవితం చెబుదామని కూర్చున్నాను.

ఈ కథ ఎన్నుకోవటానికి నా సొంత కారణం కూడా ఒకటి ఉంది. నేను చదువుకునే రోజుల్లో ఒక గొడవలో నేను లేకపోయినా నా పేరు నోటీసుబోర్డు ఎక్కింది. పిలిచి అడిగినవాళ్ళు లేరు. నాన్నకు తెలియకుండా అప్పు చేసి జరిమానా కట్టి ఊరుకున్నాను. ఇప్పుడు కాలం తిరిగి, క్రమశిక్షణ సంఘంలో సభ్యుడిగా బల్లకు అవతలివైపు కూర్చుంటున్నాను. అలా కూర్చున్నప్పుడల్లా, 1916లో కలకత్తాలో ఇలాంటి బల్ల ముందే నిలబడిన 19 ఏళ్ళ కుర్రవాడు గుర్తుకు వస్తాడు. ఆ కుర్రవాడే సుభాష్ చంద్ర బోస్.

సుభాష్ 1897 జనవరి 23న కటకంలో పుట్టారు. తండ్రి జానకీనాథ్ బోస్ పేరున్న వకీలు. ఐదో ఏట పిల్లవాణ్ణి అక్కడి ప్రొటెస్టెంట్ యూరోపియన్ స్కూల్లో వేశారు. ఆ బడిలో చదువు బాగానే ఉండేది కాని, నిబంధనలు రెండు రకాలు. మన పిల్లలు తరగతిలో మొదటి వరుసలో ఉన్నా స్కాలర్‌షిప్పు పరీక్షలకు కూర్చోవటానికి వీల్లేదు. తెల్ల పిల్లలు వాలంటీర్ దళంలో చేరి తుపాకి భుజాన వేసుకోవచ్చు, మనవాళ్ళు వేసుకోరాదు. నిబంధన అందరికీ ఒకటి కానప్పుడు అది నిబంధన ఎట్లా అవుతుందన్న అనుమానం ఆ వయస్సులోనే నాటుకుని ఉంటుంది.

1909లో రావెన్‌షా కాలేజియేట్ స్కూలుకు మారారు. ఇంగ్లీషు బడిలో పెరిగిన పిల్లవాడికి సొంత భాష వంగభాష వ్రాయటం రాదు. మొదటిసారి వ్రాసిన వ్యాసాన్ని పంతులుగారు తరగతిలో పైకి చదివితే అందరూ నవ్వారు. పట్టుబట్టి నేర్చుకుని, సంవత్సరాంతపు పరీక్షలో ఆ వంగభాషలోనే మొదటివాడుగా నిలిచారు. అక్కడి ప్రధానోపాధ్యాయులు వేణీమాధవ్ దాస్. బెత్తం ఎత్తకుండానే బడినంతా ఒక్క చూపుతో నిలబెట్టగలిగిన మనిషి. ఆయనను కృష్ణనగర్‌కు బదిలీ చేసిన రోజున బడి అంతా దుఃఖపడింది. క్రమశిక్షణ అంటే భయం ఒక్కటే కాదని సుభాష్‌కు తెలిపినవారు ఈయనే. తరువాత కలకత్తాలో దొరకనిది కూడా ఇదే.

1913లో మెట్రిక్యులేషన్‌లో కలకత్తా విశ్వవిద్యాలయం మొత్తానికి రెండో స్థానం. అక్కడినుండి ప్రెసిడెన్సీ కాలేజీ. అది ప్రభుత్వ కాలేజీ, దేశంలో పెద్ద పేరు. ప్రిన్సిపాల్ జేమ్స్ దొర. అక్కడ తరగతికొక ప్రతినిధి ఉండేవాడు. సాధారణ విషయాల్లో ప్రిన్సిపాల్ ఆ ప్రతినిధులను సంప్రదించేవాడు. తత్వశాస్త్రం ఆనర్సు మూడో సంవత్సరంలో ఉన్న సుభాష్ తన తరగతికి ప్రతినిధి. మన సంఘం ప్రతినిధులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఈ పదవి మోసిన బరువే.

1916 జనవరిలో ఒకరోజు సుభాష్ గ్రంథాలయంలో ఉండగా కబురు వచ్చింది. చరిత్ర అధ్యాపకుడు ఓటెన్ దొర, తన గది పక్క వరండాలో నడుస్తున్న విద్యార్థుల అలికిడికి విసుగెత్తి, బయటికి వచ్చి ముందున్న వాళ్ళను పట్టి నెట్టివేశాడట. నెట్టబడినవాళ్ళు సుభాష్ తరగతి వాళ్ళే. ప్రతినిధిగా ఆయన వెంటనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశారు. ఓటెన్ దొర క్షమాపణ చెబితే బాగుంటుందన్నారు. ఓటెన్ పై స్థాయి ప్రభుత్వ సర్వీసులో ఉన్నవాడు కనుక ఆయనను బలవంతపెట్టే అధికారం తనకు లేదని, అయినా అది చెయ్యి పట్టుకోవటమే కాని కొట్టటం కాదని ప్రిన్సిపాల్ సమాధానం.

మర్నాడు కాలేజీ అంతా సమ్మె. ఆ రోజుల్లో ప్రెసిడెన్సీ కాలేజీలో సమ్మె అంటే మాటలు కాదు, ఊరంతా అదే చర్చ. పిల్లలు ఎంతో గౌరవించే ప్రఫుల్ల చంద్ర రే గారి వంటి ఆచార్యులు నచ్చజెప్పినా లోపలికి పోలేదు. రానివారందరికీ జరిమానా వేస్తామని అధికారులు ప్రకటించారు. రెండోరోజు సాయంత్రానికి ఓటెన్ దొరే ప్రతినిధులను పిలిచి గౌరవంగా రాజీ కుదుర్చుకున్నాడు. అంతటితో కథ ముగియవలసింది. కాని జరిమానా రద్దు చేయటానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. పేదవాణ్ణని అర్జీ పెట్టుకుంటే మాత్రం చూస్తానన్నాడు. తప్పు ఇరువైపులా ఉందని ఒప్పుకున్నాక శిక్ష ఒకవైపే మిగిలింది. నన్నడిగితే అసలు నిప్పు రాజుకున్నది వరండాలో కాదు, ఈ జరిమానా దగ్గర.

నెల తిరక్కుండానే ఓటెన్ దొర ఈసారి మొదటి సంవత్సరం కుర్రవాడొకడి మీద చేయి చేసుకున్నాడని గుప్పుమన్నది. ఫిర్యాదు చేసి చూశారు, ఫలం లేదు. సమ్మె చేసి చూశారు, జరిమానా పడింది. ఇక కొందరు కుర్రవాళ్ళు న్యాయం తమ చేతుల్లోకే తీసుకున్నారు. ఫిబ్రవరి 15న ఓటెన్‌ను మెట్ల దగ్గర చుట్టుముట్టి కొట్టారు. మెట్లమీద నుండి తోసేశారనీ, వెనకనుంచి పడ్డారనీ ప్రచారం జరిగింది. 1937 డిసెంబరులో ఆస్ట్రియాలో ఉండగా వ్రాసిన ఆత్మకథలో సుభాష్ ఆ ప్రచారాన్ని ఖండించారు. వెనకనుంచి పడినది ఒక్క దెబ్బేననీ, తతిమ్మావాళ్ళు ఎదురుగానే నిలబడి ఉన్నారనీ, తాను కళ్ళారా చూసిన సాక్షిననీ వ్రాసుకున్నారు. కొట్టినవారి పేర్లు అక్కడ కూడా చెప్పలేదు.

ప్రభుత్వం కాలేజీ మూసివేసి విచారణ సంఘం వేసింది. తమాషా ఏమిటంటే, విద్యాశాఖ చూసే సభ్యుడితో పోట్లాడి ప్రిన్సిపాల్ జేమ్స్ కూడా సస్పెండ్ అయ్యాడు. అధికారం చేజారకముందే తన జాబితాలో ఉన్న కుర్రవాళ్ళందరినీ పిలిపించాడు. కాలేజీలో అందరికంటె తలనొప్పి మనిషివి నీవేనని సుభాష్‌ను కసిరి, సస్పెండ్ చేస్తున్నానన్నాడు. సుభాష్ కృతజ్ఞతలు చెప్పి ఇంటికి పోయారు. ఏ అభియోగం, ఏ సాక్ష్యం అన్న మాట లేదు. పరుగెత్తిపోతుండగా చూశానని కాలేజీ బంట్రోతు ఒకడు సుభాష్ పేరూ అనంగమోహన్ దామ్ పేరూ చెప్పాడు, అంతే. పాలకసంఘం ఆ ఉత్తర్వును ఖాయం చేసింది. పోనీ మరో కాలేజీలోనైనా చదువుకోనిమ్మంటే విశ్వవిద్యాలయం కుదరదంది. రస్టికేట్ అయినట్టే.

ఇక విచారణ. అధ్యక్షులు సర్ ఆశుతోష్ ముఖర్జీ. హైకోర్టు న్యాయమూర్తి, పూర్వపు వైస్ ఛాన్సలర్, దేశీయులు గర్వంగా చెప్పుకునే మనిషి. విద్యార్థుల తరఫున హాజరైనవారిలో సుభాష్ ఒకరు. ఓటెన్‌ను కొట్టటం సమంజసమేనా అని సూటిగా అడిగారు. సమంజసం కాదు, కాని విద్యార్థులను విపరీతంగా రెచ్చగొట్టారు అని ఆయన జవాబు. అక్కడితో ఆగక, కొన్నేళ్ళుగా ఆ కాలేజీలో తెల్ల అధ్యాపకులు చేసినవన్నీ వరుసగా ఏకరువు పెట్టారు. కొట్టటం తప్పు అని ఒక్క ముక్క చెప్పి తల వంచుకుంటే బయటపడేవారని ఆయనకే తెలుసు. సంఘం నివేదికలో విద్యార్థులకు అనుకూలంగా ఒక్క మాట లేదు. ప్రత్యేకంగా ఎత్తి చూపిన విద్యార్థి పేరు ఒక్కటే, అది సుభాష్‌ది.

ఈ ఘట్టం నేను చాలాసార్లు చదివాను. గురువు మీద చేయి ఎత్తటం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. సుభాష్ కూడా అది సమంజసం కాదనే అన్నారు. అయితే ఆ సగం మాట చెప్పి, మిగతా సగం మింగేసి ఇంటికి పోవటానికి ఆయన మనస్సు ఒప్పుకోలేదు. తరగతి తనను పంపినది ఆ మిగతా సగం చెప్పటానికే.

ఇలాంటిది మన గడ్డ మీద అంతకు ముందే జరిగింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి వెళ్ళాక వందేమాతరం బిళ్ళలు పెట్టుకున్నందుకు విద్యార్థులను శిక్షించారు. ట్రెయినింగు కాలేజీలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బయటికి పంపారు. ఆయన తరువాత పత్రికలు, గ్రంథాలయాలు అంటూ జీవితమంతా జనానికి చదువు చెబుతూనే ఉన్నారు.

సుభాష్ 1916 మార్చి చివర కటకం చేరారు. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఏడాది పైగా చదువు లేదు. మిత్రులతో కలిసి కలరా, మశూచి రోగులకు సేవచేస్తూ తిరిగారు. తిరిగి చేర్చుకుంటారన్న ఆశ చూసుకుని 1917లో స్కాటిష్ చర్చి కాలేజీ ప్రిన్సిపాల్ అర్కహార్ట్ దొరను కలిసి, తాను వెళ్ళగొట్టబడిన విద్యార్థినని మొట్టమొదటే చెప్పేశారు. పాత కాలేజీ వారికి అభ్యంతరం లేకపోతే చేర్చుకుంటానన్నాడాయన. అన్నగారు శరత్ చంద్ర బోస్ వెళ్ళి ప్రెసిడెన్సీ కొత్త ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. 1919లో బి.ఏ. ప్రథమ శ్రేణిలో, విశ్వవిద్యాలయంలో రెండో స్థానంలో ప్యాసయ్యారు. మధ్యలో విశ్వవిద్యాలయ సైనిక దళంలో చేరారు. చిన్నప్పుడు బళ్ళో అందని తుపాకిని ఫోర్టు విలియంలోకి కవాతు చేస్తూ వెళ్ళి అందుకున్ననాడు, ఎవరో లాక్కున్న తన సొత్తు తిరిగి వచ్చినట్టు అనిపించిందట.

ఆ తరువాతి కథ మీకందరికీ తెలిసినదే. ఐ.సి.ఎస్.లో నాలుగో స్థానం, 1921లో రాజీనామా, కాంగ్రెసు, ఆజాద్ హింద్ ఫౌజు. ఒక్క సంగతి మాత్రం దాటవేయలేను. 1928లో కలకత్తా సిటీ కాలేజీ హాస్టలులో సరస్వతీ పూజ చేసుకోనివ్వాలని విద్యార్థులు పట్టుబట్టారు. అది బ్రహ్మసమాజం వారి కాలేజీ, విగ్రహపూజ అక్కడి నిబంధనకు విరుద్ధం. సుభాష్ విద్యార్థుల పక్షం, రవీంద్రనాథ్ ఠాగూరు కాలేజీ పక్షం. విద్యార్థులు తగ్గి కాలేజీ రాబడి పడిపోయింది. ఉద్యోగం పోయిన చిన్న లెక్చరర్లలో కవి జీవనానంద దాస్ ఒకరు. ఇక్కడ మాత్రం నేను సుభాష్ బాబు వెంట నడవలేను. జరిమానా పేరుతో అవమానించటం వేరు, అందరికీ సమానంగా ముందే ఉన్న ఒక నియమం వేరు. మీరు నాతో ఒప్పుకోకపోతే స్టాఫ్ రూముకు వచ్చి పోట్లాడండి.

ఓటెన్ దొర 1973 దాకా బ్రతికాడు. సుభాష్ మరణించాక ఆయన మీద ఒక పద్యం వ్రాశాడు. సూర్యుడి దగ్గరికి ఎగిరి రెక్కలు కరిగి పడిపోయిన గ్రీకు పురాణంలోని కుర్రవాడితో పోల్చి మెచ్చుకున్నాడు.

వచ్చే సోమవారం మా సంఘం ముందుకు ఒక రెండో సంవత్సరం అబ్బాయి వస్తున్నాడు. కాగితాలన్నీ నా దగ్గరికి వచ్చాయి. తిరగేసి చూస్తే అందరి సంతకాలూ ఉన్నాయి, ఆ అబ్బాయి చెప్పినది మాత్రం ఎక్కడా లేదు. దాని కోసం ఒక తెల్లకాగితం జతచేసి పంపాను.