గబ్బిలం కవి ఇల్లు



ధమ్మం గురించి చదివే ఈ చిన్న పుస్తకంలో గుర్రం జాషువా కథ ఎందుకని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. ఆయన బౌద్ధ దీక్ష తీసుకున్నవారు కాదు. పుట్టింది క్రైస్తవ ఇంట్లో, మన గోదావరి ఒడ్డుకు చాలా దూరంగా, వినుకొండ ప్రాంతంలో. అయినా పోచంపాడు, బోధన్, నిజామాబాదు వాడల్లో ఉన్న మనకు ఆయన ఇంటితో ఒక చుట్టరికం ఉంది. అదేమిటో చివర చెప్తాను.

1895 సెప్టెంబరు 28న జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. రెండు కులాలు కలిసిన ఇల్లు అది. అలాంటి ఇంటి పిల్లవాడికి ఆ రోజుల్లో ఏం దక్కుతుందో మీకు వేరే చెప్పాలా? ఎవరి వాకిట్లోకి పోయినా నువ్వు మావాడివి కాదు పొమ్మన్నారు. బడిలో అవమానం, వీధిలో అవమానం. పద్యం మీద ప్రేమతో పురాణాలు, కావ్యాలు చదువుతుంటే క్రైస్తవ పెద్దలు కూడా వెలివేశారు. గుడి వాళ్లు తోసేశారు, చర్చి వాళ్లూ తోసేశారు. ఇక మిగిలింది చదువొక్కటే.

అందరూ ఒకేలా ఉండరన్న మాట కూడా చెప్పుకోవాలి. జూపూడి హనుమచ్ఛాస్త్రి అనే బ్రాహ్మణ పండితుడు ఆయనకు సంస్కృత కావ్యాలు చెప్పారు. కాళిదాసు మేఘసందేశం ఆయన దగ్గరే చదివారు. ఈ పుస్తకం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1910లో మేరీతో పెళ్లయింది. అప్పటికి ఆయనకు పదిహేనేండ్లు. మిషన్ బడిలో పంతులు పని, నెలకు మూడు రూపాయల జీతం. బడి ఉన్న ఊరు వినుకొండకు చాలా దూరం. రోజూ నడకే. ఆ నౌకరీ కూడా పోయింది. బతుకుదెరువు కోసం రాజమండ్రి చేరి, 1915-16 ప్రాంతంలో సినిమా హాల్లో కథ చెప్పే పని చేశారు. అప్పటి సినిమాల్లో మాటలుండవు గదా, తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి ఒక మనిషి కథ, మాటలు చదువుతూ పోవాలి. తెలుగు కవిత్వంలో అంతటి గొంతు మొదట పొట్టకూటికి బొమ్మల పక్కన అరిచింది. తర్వాత గుంటూరులో పంతులు పని దొరికింది, ఉభయభాషా ప్రవీణ అయ్యారు, తెలుగు పండితుడయ్యారు.

కవిగా పేరు వచ్చినా కులం వెంట వస్తూనే ఉంది. ఒకసారి రైలులో పక్కనున్న ప్రయాణికుడికి తన పద్యాలు వినిపించారు. ఆయన మురిసిపోయాడు, మెచ్చుకున్నాడు. మాటల్లో కులం సంగతి వచ్చింది. అంతే, చివాలున లేచి వెళ్లిపోయాడు. పద్యం అంటలేదు, మనిషి మాత్రం అంటాడట!

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అరుంధతీయ యువకుడు, ఆకలి మీదున్నవాడు. తన గోడు కాశీలోని శివుడికి చెప్పాలి. తనను గుడిలోకి రానివ్వరు. గుడి కప్పుకు వేలాడే గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకే ఆ జీవితో కబురు పంపాడు. ఆ కావ్యంలో గట్టి దెబ్బ కర్మ సిద్ధాంతానికి తగిలింది. పోయిన జన్మలో పాపం చేశావు, అందుకే ఈ బతుకు అని మన తాతల నోళ్లు మూయించిన మాట అది. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో దీక్ష ఇచ్చారు. మరుసటి ఏడు అచ్చయిన తన గ్రంథంలో, బుద్ధుని పేర ఆ పూర్వజన్మ కర్మను అంటగట్టడం తప్పని వాదించారు. జాషువా అంతకు పదిహేనేండ్ల ముందే, తన దారిన తాను, ఆ ముడిని పట్టుకున్నారు. నాకైతే ఇందుకే ఆయన మనవాడనిపిస్తుంది.

మర్యాదలు ఆలస్యంగా వచ్చాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటి పండితుడు తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. మద్రాసు రేడియోలో పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు, అదే ఏడు క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఈ బిరుదుల కన్నా ఆయన ఇంటి సంగతి మీకు చెప్పాలని నా ఆశ. విహారంలో మనం మంగళ సుత్తం చదువుకుంటాం. తల్లిదండ్రుల సేవ, భార్యాబిడ్డల పోషణ ఉత్తమ మంగళాలని అందులో ఉంది. రెండు కులాల ఇంట పుట్టాడని ఏ పిల్లవాడిని ఊరు వెలివేసిందో, ఆ పిల్లవాడి బిడ్డ హేమలత 1960లో కులం చూడకుండా పెళ్లి చేసుకుంది. వరుడు లవణం, విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కొడుకు. పుట్టుకకు బ్రాహ్మణ ఇల్లే. లింగమ్మ మనుమరాలు అక్కడ కోడలైంది. తన చిన్నప్పుడు శిక్ష అయిన సంగతి తన బిడ్డ కాలానికి మామూలు కాపురం అయింది. దాన్ని చూసి పదకొండేండ్లు బతికారు జాషువా.

ఇక మన చుట్టరికం. మన జిల్లాలో ఎల్లమ్మ పేర, పోచమ్మ పేర ఆడపిల్లల్ని జోగినులుగా వదిలిన ఆచారం మీ ఇండ్లల్లో ముసలమ్మలకు తెలుసు. మాల మాదిగ వాడల పిల్లలే ఎక్కువ. దేవుడితో లగ్గం అంటరు, ఊరి పెద్దలకు అప్పజెప్తరు. ఆ పిల్లకు మొగుడు లేడు, పుట్టిన బిడ్డకు తండ్రి పేరు లేదు. స్టువర్టుపురంలో నేరస్థుల ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేసిన హేమలత, లవణం ఆ తర్వాత మన నిజామాబాదు జిల్లాకు వచ్చారు. జోగినుల వాడల్లో తిరిగారు, వాళ్లకు పెళ్లిళ్లు చేయించారు. 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

బోధన్ దాటి వర్ని పోయే దారి మీకు తెలిసిందే. ఆ వర్నిలో జాషువా బిడ్డ జోగిని అక్కచెల్లెండ్ల కోసం ఒక ఇల్లు పెట్టింది. దానికి చెల్లి నిలయం అని పేరు పెట్టింది.