నీటి ఉప్పునకు అంకె కట్టిన కోల్‌రౌష్

కర్నూలు, కడప సీమలలో బావి త్రవ్వించువానికి నీరు పడునా అను చింత ఒకటే కాదు. పడిన నీరు మంచిదగునా, ఉప్పగునా అను చింతయు కలదు. ఒకే గ్రామమున ఒక బావి ఊరందరి కడవలను నింపుచుండగా, అనతిదూరమున నున్న మరియొకటి ఉప్పునీళ్ళ బావిగా పేరుపడి యుండుట అరుదు కాదు. ఇచట వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు ఆవిరియై పోవును. అందలి లవణములు నేలలోనే నిలుచును. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి క్రిందనున్న సున్నపురాతి పొరలును తమ వంతు లవణములను నీటికి కలుపును. ఉప్పునీటిని ఏండ్ల తరబడి పారించిన చేను తెల్లని పొరగట్టి చౌడుబారును. చౌడుబారిన నేలను మరల పంటకు తెచ్చుట ఎంత కష్టమో ఆ సీమ రైతునకు తెలియును.

నాలుక ఉప్పును గుర్తించునే గాని దాని పాలెంతయో చెప్పజాలదు. నేడు అరచేతిలో ఇముడు చిన్న వాహకతామాపకమును నీటిలో ముంచినచో క్షణములో ఒక అంకె కనబడును. నీటిలో లవణము హెచ్చినకొలది అది విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును. ఆ ప్రసారశక్తికే వాహకత యని పేరు. దానిని నమ్మదగిన రీతిలో కొలుచుట లోకమునకు నేర్పినవాడు జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ కోల్‌రౌష్.

ఆయన 1840 అక్టోబరు 14వ తేదీన రింటెల్న్ పట్టణమున జన్మించెను. తండ్రి రుడాల్ఫ్ కోల్‌రౌష్ బడిపంతులుగా పనిచేసి, పిదప విశ్వవిద్యాలయాచార్యుడైనవాడు. 1856లో రుడాల్ఫ్, విల్‌హెల్మ్ వెబర్ అను విద్వాంసునితో కలసి రెండు విధముల విద్యుత్ప్రమాణముల నిష్పత్తిని కొలువగా, ఆ విలువ కాంతివేగమునకు మిక్కిలి చేరువగా వచ్చెను. కాంతి విద్యుదయస్కాంత తరంగమని మాక్స్‌వెల్ నిర్ణయించుటకు ఆ కొలత ఆధారములలో ఒకటయ్యెను. అటుపిమ్మట రెండేండ్లకే తండ్రి మరణించెను. అప్పటికి ఫ్రీడ్రిక్ 17 ఏండ్ల బాలుడు. ఆస్తి మాట ఎట్లున్నను, కొలతయందలి నిష్ఠ మాత్రము తండ్రినుండి ఆయనకు సంక్రమించెను.

ఎర్లాంగెన్, గొట్టింగెన్ విశ్వవిద్యాలయములలో చదివి, 1863లో గొట్టింగెన్‌లో డాక్టరు పట్టము పొందెను. సుంకేసుల వద్ద తుంగభద్ర జలములను మళ్ళించి కర్నూలు–కడప కాలువను త్రవ్వుట మొదలైనదియు ఆ సంవత్సరముననే. ఆ కాలువ 1870లో పూర్తియయ్యెను. కోల్‌రౌష్ రచించిన ప్రయోగ భౌతికశాస్త్ర గ్రంథము వెలువడినదియు 1870లోనే. విద్యార్థి గురువు చేసిన ప్రయోగమును చూచుటతో సరిపుచ్చక, స్వయముగా కొలిచి నేర్వవలెనని ఆయన మతము. ఆ గ్రంథము అనేక ముద్రణలు పొంది తరతరముల విద్యార్థులకు చేతిపుస్తకమయ్యెను.

ఆయన చేపట్టిన సమస్య చూపునకు చిన్నది. నీటిలో రెండు లోహపు రేకులు ఉంచి బ్యాటరీ విద్యుత్తును పంపినచో, రేకులపై వాయువులును ఇతర పదార్థములును చేరి ప్రవాహమును అడ్డగించును. అంకె చూచుచుండగనే మారిపోవును. కొలుచు పనియే కొలువవలసిన దానిని చెడగొట్టుచుండెను. 1869లో కోల్‌రౌష్ నిప్పోల్ట్ అను సహచరునితో కలసి దీనికి ఉపాయము కనుగొనెను. విద్యుత్తును ఒకే దిక్కునకు పంపక, క్షణక్షణము దిక్కు మార్చుచు పంపినచో రేకులపై ఏదియు పేరుకొనుటకు వ్యవధి యుండదు. పిదప 1876లో టెలిఫోను వెలసినంతట, దానిని ఆయన ప్రయోగశాలకు తెచ్చెను. నీటి నిరోధమును తెలిసిన నిరోధముతో సరిపోల్చునపుడు, రెండును సమమైన చోట టెలిఫోనులోని రొద అణగిపోవును. చెవియే తక్కెడ ముల్లయ్యెను.

జూరిచ్, డార్మ్‌స్టాట్, వుర్ట్స్‌బర్గ్, స్ట్రాస్‌బర్గ్ నగరములలో ఆచార్యుడుగా నుండి ఈ పరిశోధన సాగించెను. పలుచని ద్రావణములలో ప్రతి అయానును తక్కిన వానితో నిమిత్తము లేక తన వంతు విద్యుత్తును మోయునని 1876 ప్రాంతమున నిరూపించెను. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన అర్హీనియస్, నెర్న్‌స్ట్ తరువాత నోబెల్ బహుమానములు పొందిరి.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష శుద్ధజలము. 1894లో హైడ్‌వైలర్‌తో కలసి శూన్యములో నీటిని పలుమారులు స్వేదనము చేసి, 18 డిగ్రీల వద్ద దాని వాహకత సెంటీమీటరుకు సుమారు 0.04 మైక్రోసీమెన్సులని తేల్చెను. 1000 మైక్రోసీమెన్సుల బావి నీటితో పోల్చిన అది ఇరువదియైదువేలవ వంతు మాత్రమే. గాలి సోకినంతనే అందలి బొగ్గుపులుసు వాయువు కరగి ఆ శుద్ధి చెడును.

1895లో హెల్మ్‌హోల్ట్జ్ అనంతరము బెర్లిన్‌లోని జాతీయ ప్రమాణ సంస్థకు అధ్యక్షుడై 1905 వరకు పనిచేసెను. పొటాసియం క్లోరైడు వంటి లవణముల ద్రావణములకు వాహకతను నిశ్చయించి, వానిని ప్రమాణములుగా నిలిపెను. తూనికరాయి లేని తక్కెడ వలె, తెలిసిన ద్రావణముతో సరిచూడని మాపకము వ్యర్థమని ఆయన చాటెను.

నేటి చేతి మాపకమునకును అదే విధి. లీటరునకు సుమారు 0.746 గ్రాముల పొటాసియం క్లోరైడు గల ద్రావణము 25 డిగ్రీల వద్ద 1413 మైక్రోసీమెన్సులు చూపవలెను. మాపకపు మొనను శుద్ధజలముతో కడిగి, ద్రావణమును వేరొక గిన్నెలోనికి వంచి, అందు ముంచి, బుడగలు తొలగునట్లు కదిపి, అంకె నిలకడ చెందిన పిదప సరిదిద్దవలెను. వాడిన ద్రావణమును మరల సీసాలో పోయరాదు. వేడిమి డిగ్రీ హెచ్చినకొలది వాహకత నూటికి రెండు వంతులు హెచ్చును. కనుక వేసవిలో 35 డిగ్రీల నీటిని సవరణ లేక చదివినచో ఐదవ వంతు ఎక్కువ చూపును.

ఈ జాగ్రత్త లేనిచో నష్టపడునది రైతే. 1954లో అమెరికా లవణభూముల ప్రయోగశాల 250, 750, 2250 మైక్రోసీమెన్సుల హద్దులతో సాగునీటిని నాలుగు తరగతులు చేసినది. మాపకము మూడింట రెండు వంతులే చూపుచున్నచో, 1000 గల నీరు 670గా కనబడి, ఉప్పు హెచ్చిన తరగతినుండి మధ్యమమునకు మారును. రైతు నిశ్చింతగా దానిని చేనికి పారించును. అంకె సరియైనను అది మొత్తము లవణముల లెక్కయే. ఫ్లోరైడును గాని రోగక్రిములను గాని అది చూపదు. త్రాగునీటికి వేరు పరీక్షలు తప్పవు.

కోల్‌రౌష్ 1910 జనవరి 17వ తేదీన మార్‌బర్గ్‌లో కన్నుమూసెను. రాయలసీమ పాఠశాలలో విద్యార్థులు తమ ఊరి బావుల నీటిని కొలువబూని, మొదట 1413 ద్రావణముతో మాపకమును సరిచూచుకొన్ననాడు, ఆ మహనీయుని పాఠమును వారు అక్షరాల పాటించినవారగుదురు.