గెలిచాం సరే... బాగా ఆడామా?

మీ కాలేజీ టీమ్ కప్పు కొట్టిందనుకోండి. వాట్సాప్ గ్రూపు నిండా అభినందనలే. అందరూ పార్టీ మూడ్‌లో ఉండగా మీ టీమ్‌లోనే ఒకడు, గెలిచాం సరే, అసలు మనం బాగా ఆడామా అని అడిగితే? వీడికి ఇప్పుడే గుర్తొచ్చిందా అని విసుక్కుంటారు కదా!

1961లో కీవ్ నగరంలో ఇలాంటిదే జరిగింది. ఆ ఏడాది డైనమో కీవ్ జట్టు సోవియట్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది. అప్పటిదాకా ఆ టైటిల్ మాస్కో జట్ల చేతుల్లోంచి బయటికి రాలేదు. కాబట్టి కీవ్‌లో పండగే పండగ. ఆ జట్టులో ఎడమవైపు ఫార్వర్డ్‌గా ఆడే 22 ఏళ్ల కుర్రాడు మిత్రులతో కలిసి ఓ పరిశోధన సంస్థకి వెళ్తే, అక్కడివాళ్లు కల నిజమైందని మెచ్చుకున్నారు. అతని మొహంలో మాత్రం ఆనందం లేదు. కొన్ని మ్యాచ్‌లు చెత్తగా ఆడామనీ, మిగతావాళ్ల కంటే పాయింట్లు ఎక్కువొచ్చాయంతేననీ తేల్చేశాడు.

ఆ కుర్రాడే వలెరీ లొబనోవ్‌స్కీ. తర్వాత యూరప్ ఫుట్‌బాల్‌లోనే గొప్ప కోచ్‌ల్లో ఒకరయ్యాడు. మీరు ఫుట్‌బాల్ చూడకపోయినా ఫర్వాలేదు. డేటా సైన్స్ అనే మాట మన ఊళ్లకి రాకముందే, ఆటని డేటాగా చూసిన ఇంజినీరు కథ ఇది. ఆ డేటా ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చెయ్యలేదో కూడా ఇందులోనే ఉంది.

బంతి ఎందుకు వంగింది?

లొబనోవ్‌స్కీ 1939 జనవరి 6న కీవ్‌లో పుట్టాడు. చదువులో చురుకు. ఫుట్‌బాల్ ఆడుతూనే కీవ్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో హీట్ ఇంజినీరింగ్‌లో చేరాడు. ఆట కోసం ఊరు మారాక ఒడెస్సా పాలిటెక్నిక్‌లో డిగ్రీ పూర్తి చేశాడు. ఆట ఉందని చదువు ఆపలేదు, చదువు ఉందని ఆట మానలేదు.

పొడుగ్గా, ఎర్రటి జుట్టుతో ఉండే ఈ కుర్రాడు కార్నర్ కిక్ కొట్టడానికి వస్తే స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టేది. బంతికి తగినంత స్పిన్ ఇస్తే దానికి రెండు వైపులా గాలి ఒత్తిడిలో తేడా వస్తుంది, దాంతో బంతి గాల్లో వంపు తిరుగుతుంది. ఫిజిక్స్‌లో మాగ్నస్ ఎఫెక్ట్ అంటాం. రాలుతున్న ఎండుటాకులా వంపు తిరిగే ఆ షాట్ కోసం ప్రాక్టీస్ అయిపోయాక కూడా అతను ఒంటరిగా మైదానంలో ఉండిపోయేవాడు. బంతి ఒక్కోసారి కార్నర్ నుంచి నేరుగా గోల్‌లోకే వెళ్లేది.

ఆ రోజుల్లో కీవ్ గాలి కూడా అలాంటిదే. సోవియట్ యూనియన్‌లో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ 1951లో ఈ నగర శివారులోనే పనిచేయడం మొదలుపెట్టింది. 1962లో విక్టర్ గ్లుష్కోవ్ నాయకత్వంలో సైబర్నెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఏ వ్యవస్థనైనా భాగాలుగా విడదీసి, వాటి మధ్య సంబంధాల్ని లెక్కగట్టొచ్చన్న ఆలోచన కీవ్ కుర్రాళ్ల చెవుల్లో నిత్యం పడుతుండేది.

చోటు పోయింది

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1964లో డైనమోకి విక్టర్ మస్లోవ్ కోచ్‌గా వచ్చాడు. జట్టంతా కలిసి ప్రత్యర్థి మీద ఒత్తిడి పెట్టాలన్నది ఆయన పద్ధతి. అంచుల్లో ఉండి సొంత విన్యాసాలు చేసే వింగర్లకి అందులో పని లేదు. లొబనోవ్‌స్కీ సరిగ్గా అలాంటి వింగరే. జనం నెత్తిన పెట్టుకున్న ఆటగాడిని మస్లోవ్ పక్కన పెట్టేశాడు. లొబనోవ్‌స్కీ ఒడెస్సా జట్టుకీ, తర్వాత దొనెత్స్క్ జట్టుకీ మారాడు. 29 ఏళ్లకే బూట్లు విప్పేశాడు. సోవియట్ జాతీయ జట్టుకి ఆడింది రెండే మ్యాచ్‌లు.

అతన్ని వదులుకున్న డైనమో ఏం చేసిందో తెలుసా? 1966, 67, 68ల్లో వరసగా మూడుసార్లు లీగ్ గెలిచింది! మీరైతే ఏమనుకుంటారు? నన్ను తొక్కేశారు అనుకుంటాం మనలో చాలామందిమి. లొబనోవ్‌స్కీకీ కోపం లేకపోలేదు. కానీ తనని బయటికి నెట్టిన పద్ధతి ఎందుకు గెలుస్తోందో అర్థం చేసుకున్నాడు. అంతేకాదు, దాన్ని మస్లోవ్ కంటే ముందుకు తీసుకెళ్లాడు. కోచ్ లొబనోవ్‌స్కీ జట్టులో ఆటగాడు లొబనోవ్‌స్కీకి చోటు దొరికేదా? కష్టమే.

నోటీసు బోర్డు మీద మార్కులు

ముప్పై ఏళ్లకే ద్నిప్రో అనే రెండో శ్రేణి జట్టు బాధ్యత తీసుకున్నాడు. దాన్ని టాప్ లీగ్‌కి చేర్చాడు. 1972లో, అంటే అక్కడ ఆడిన మొదటి ఏడాదే, ఆ జట్టు ఆరో స్థానంలో నిలిచింది. ఆ ఊళ్లోనే ఆయనకి అనతోలి జెలెంత్సోవ్ అనే శాస్త్రవేత్త పరిచయమయ్యాడు. ఆటగాళ్ల శరీరం ఎంత భారం మోస్తుంది, ఎప్పుడు అలసిపోతుంది, ఎప్పుడు కోలుకుంటుంది అన్నది లెక్కగట్టడం ఆయన పని.

1973 చివర్లో లొబనోవ్‌స్కీకి డైనమో కీవ్ నుంచి పిలుపొచ్చింది. ఈసారి కోచ్‌గా! పాత సహచరుడు ఒలెగ్ బజిలెవిచ్, శాస్త్రవేత్త జెలెంత్సోవ్ తోడయ్యారు. వాళ్ల దృష్టిలో ఫుట్‌బాల్ అంటే 22 భాగాలున్న వ్యవస్థ. పదకొండేసి మందితో రెండు ఉపవ్యవస్థలు. ఏది సమర్థంగా పనిచేస్తే అది గెలుస్తుంది. పదకొండు మంది విడివిడిగా ఎంత గొప్పవాళ్లన్నది కాదు, వాళ్ల మధ్య లింకులు ఎంత గట్టివన్నదే లెక్క. మీరు కోడ్ రాసేవాళ్లయితే ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి మాడ్యూల్ విడిగా బాగానే పనిచేసినా, కలిపి రన్ చేస్తే ఎర్రర్ రావచ్చు.

మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున్నే నోటీసు బోర్డు మీద కాగితం వేలాడేది. ఎవరు ఎన్ని పాసులు ఇచ్చారు, ఎన్నిసార్లు బంతి లాక్కున్నారు, ఎన్ని తప్పులు చేశారు అన్నీ అంకెల్లో ఉండేవి. ఒక మిడ్‌ఫీల్డర్ మ్యాచ్ మొత్తంలో 60 పనులు చేస్తే సరిపోదు, వంద దాటాల్సిందే. స్కోరుతో నిమిత్తం లేకుండా ఎవరి మార్కులు వాళ్లకే. 1961 నాటి ఆ ప్రశ్నకి ఇలా సమాధానం వెతికాడన్నమాట. గెలిచామా అన్నది స్కోర్‌బోర్డు చెప్తుంది, బాగా ఆడామా అన్నది ఈ కాగితం చెప్తుంది.

ఫలితం తొందరగానే వచ్చింది. 1974లో లీగ్, కప్ రెండూ డైనమోకే. 1975 మే 14న బాసెల్‌లో హంగేరీ జట్టు ఫెరెన్స్‌వారోష్‌ని 3-0తో ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ గెలిచింది. యూరప్ ట్రోఫీ గెలిచిన తొలి సోవియట్ జట్టు అదే. అదే ఏడాది సూపర్ కప్‌లో బేయర్న్ మ్యూనిక్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ మట్టి కరిపించింది. మూడు గోల్సూ ఒలెగ్ బ్లోఖిన్‌వే. యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఆ ఏడాది ఆయనకే దక్కింది.

లెక్కలో లేని అలసట

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు సక్సెస్ స్టోరీ. 1976లో లెక్క తప్పింది. డైనమో ఆటగాళ్లే దాదాపుగా జాతీయ జట్టు కూడా. అటు లీగ్, ఇటు యూరప్ మ్యాచ్‌లు, పైన మాంట్రియల్ ఒలింపిక్స్. వీటన్నిటి మధ్యా ఊపిరాడనివ్వని ట్రెయినింగ్. యూరోపియన్ కప్ క్వార్టర్స్‌లో సొంతగడ్డ మీద 2-0తో గెలిచి కూడా, రెండో మ్యాచ్‌లో ఫ్రాన్స్ జట్టు సెయింట్ ఎటియెన్ చేతిలో 3-0తో ఓడిపోయారు. ఒలింపిక్స్‌లో బంగారం ఆశిస్తే కాంస్యం వచ్చింది. ఆటగాళ్లు ఎదురు తిరిగారు. ఈ కోచ్‌లు మాకొద్దన్నారు. బజిలెవిచ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. లొబనోవ్‌స్కీ మిగిలాడు.

ఆలోచించండి. అలసటని కొలవడానికే ఒక శాస్త్రవేత్తని పెట్టుకున్న జట్టు ఇది. అదే జట్టు ఆటగాళ్లు అలసిపోయామని తిరుగుబాటు చేశారు. చార్టులో కనిపించనిది మనుషులు నోరు తెరిచి చెప్తే, అది కూడా డేటానే. ఆయన లెక్కలు మానలేదు. 1977లో మళ్లీ లీగ్ గెలిచాడు. కానీ జట్టుని నడపడానికి అంకెలొక్కటే చాలవని ఆ వేసవి తేల్చి చెప్పింది.

ఇంకో దెబ్బ 1983 నవంబరులో తగిలింది. లిస్బన్‌లో పోర్చుగల్‌తో డ్రా చేసుకుంటే సోవియట్ జట్టు యూరో కప్‌కి వెళ్తుంది. పెనాల్టీ బాక్సు బయట జరిగిన ఫౌల్‌కి రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. 1-0తో ఓటమి. జాతీయ జట్టు కోచ్ పదవి పోయింది. డైనమోకి తిరిగొస్తే 1984లో లీగ్‌లో పదో స్థానం! అయినా క్లబ్ ఆయన్ని తీసేయలేదు, ఆయనా పద్ధతి మార్చలేదు. మర్నాటి ఏడాదే లీగ్, కప్ రెండూ వచ్చాయి.

1986 ఏప్రిల్ 26న కీవ్‌కి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. వారం తిరక్కుండానే, మే 2న, లియోన్‌లో డైనమో ఫైనల్ ఆడింది. అట్లెటికో మాడ్రిడ్ మీద 3-0. రెండో గోల్ వీడియో దొరికితే తప్పకుండా చూడండి. ఎడమ నుంచి కుడికి బంతి ముగ్గురి కాళ్లు మారి బ్లోఖిన్‌కి చేరుతుంది. పక్కవాడు అక్కడ ఉంటాడని ముందే తెలిసినట్టు ఆడతారు. నోటీసు బోర్డు మీది ఆ లింకులు మైదానంలో కనిపిస్తాయి.

మళ్లీ జాతీయ జట్టు చేతికొచ్చింది. 1986 ప్రపంచకప్‌లో హంగేరీని 6-0తో చిత్తు చేశారు. తర్వాత బెల్జియంతో బెలనోవ్ మూడు గోల్స్ కొట్టినా 4-3తో ఓడిపోయారు. 1988 యూరో కప్ గ్రూప్ మ్యాచ్‌లో నెదర్లాండ్స్‌ని ఓడించి, ఫైనల్లో అదే జట్టు చేతిలో 2-0తో ఓడారు. ఆ ఫైనల్లో పెనాల్టీ చేజారింది కూడా. బాగా ఆడటం మన చేతుల్లో ఉంది. గెలవడం మాత్రం ఎప్పుడూ పూర్తిగా మన చేతుల్లో ఉండదు.

చివరి బెంచీ

1990 తర్వాత యూఏఈ, కువైట్ జట్లకి కోచ్‌గా వెళ్లాడు. ఆయన పనైపోయిందనుకున్నారు చాలామంది. 1997లో కీవ్‌కి తిరిగొచ్చాడు. సోవియట్ యూనియన్ లేదు, డబ్బున్న క్లబ్బులన్నీ పశ్చిమాన ఉన్నాయి. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో డైనమో బార్సెలోనాని కీవ్‌లో 3-0తో, వాళ్ల సొంత స్టేడియంలో 4-0తో ఓడించింది. ఆ నాలుగులో మూడు ఆండ్రీ షెవ్‌చెంకోవి. వయసు 21. 1999లో రియల్ మాడ్రిడ్‌ని దాటి సెమీస్‌కి చేరారు.

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ బెంచీ మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగడం ఆయన అలవాటు. 2002 మే 7న అలాంటి ఓ మ్యాచ్ మధ్యలోనే స్ట్రోక్ వచ్చింది. మే 13న కన్నుమూశాడు. వయసు 63. ఎనిమిది సోవియట్ లీగ్‌లు, ఐదు ఉక్రెయిన్ లీగ్‌లు, రెండు కప్ విన్నర్స్ కప్‌లు ఆయన ఖాతాలో ఉన్నాయి. కీవ్‌లో డైనమో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అక్కడి విగ్రహంలోనూ ఆయన బెంచీ మీదే కూర్చుని ఉంటాడు.

2003లో మిలాన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ గెలిచిన షెవ్‌చెంకో ఆ పతకాన్ని తీసుకుని కీవ్ వచ్చి, గురువు సమాధి దగ్గరికి వెళ్లాడు. ఏ చార్టులోనూ పట్టని లింకు అది.

మీకు రేపో ఎల్లుండో ఏదో ఒక ఫలితం వస్తుంది. సెమిస్టర్ మార్కులో, ప్లేస్‌మెంట్ లిస్టో. పేరు ఉన్నా లేకపోయినా, ఆ సాయంత్రం ఒక కాగితం తీసుకుని మీ మ్యాచ్ మీరే రాసుకోండి. ఏం సరిగ్గా చేశారు, ఎక్కడ తప్పు చేశారు. దాంతోపాటు ఎంత అలసిపోయారో కూడా రాయండి. 1976లో డైనమో చార్టులు పట్టుకోలేకపోయింది దాన్నే.